గృహజాలపు తీగలలో కేబుల్ టెలివిజన్: అనకాపల్లి ప్రాంతము

కేబుల్ టెలివిజన్ సంకేతమును, దానికొఱకే వేసిన కోయాక్సియల్ తీగతో నిమిత్తము లేకుండ, కంప్యూటరుల కొఱకో, టెలిఫోను కొఱకో, విద్యుద్దీపముల కొఱకో అంతకుముందే ఇంటిలో అమర్చియున్న తీగల వెంట గదిగదికిని చేరవేయుట ఈ వ్యాసమునకు విషయము. దీనికి రెండు ముఖ్యమార్గములు కలవు. సంకేతమును రేడియో తరంగరూపముననే యుంచి, క్రొత్త తీగకు తగినట్లు మలచి పంపుట మొదటిది. సంకేతమును అంకెలుగా మార్చి, ఆ అంకెలను చిన్న చిన్న ప్యాకెట్లుగా విడగొట్టి, ఇంటర్నెట్టు సమాచారము పోవు దారినే పంపుట రెండవది. మొదటి మార్గము కొన్ని దేశముల గృహములలో కొంతకాలము ఆదరము పొంది వెనుకబడినది. రెండవది ఐ.పి.టి.వి. యను పేర లోకమంతట వ్యాపించి, ఆంధ్రప్రదేశమున ప్రభుత్వసంస్థ యొకటి చేపట్టిన ఫైబర్‌నెట్ పథకము మూలమున, అనకాపల్లి వంటి పట్టణములు గల ఉత్తర కోస్తా సీమలో సామాన్యుల యిండ్ల గుమ్మముల వఱకు వచ్చినది.

ఈ విషయమును గూర్చిన చర్చ సాధారణముగా వీధిలోని తీగ చుట్టునే తిరుగుచుండును. స్తంభముల మీద ఎన్ని కిలోమీటరుల ఫైబరు వేసిరి, ఎన్ని ఊళ్లకు చేరినది, నెలకు రుసుమెంత యను ప్రశ్నలకు సమాధానములు సులభముగా దొరకును. కాని గుమ్మము దాటినది మొదలు టెలివిజన్ వెనుక భాగమును చేరువఱకు సంకేతము పోవలసిన పది పదునైదు గజముల దారిని గూర్చి పట్టించుకొనువారు అరుదు. ఇరువది కిలోమీటరులు నిరపాయముగ వచ్చిన సంకేతము ఆ పది గజములలో భంగపడుట అపూర్వము కాదు. కావున ఈ వ్యాసమున ఎక్కువ స్థలము ఆ పది గజములకే కేటాయింపబడినది.

అనకాపల్లిలో పూర్వపు తీగలు

శారదానదీ తీరమున, విశాఖపట్టణమునకు పడమరగా సుమారు ముప్పదియైదు కిలోమీటరుల దూరమున, హౌరా – చెన్నై రైలుమార్గము మీదను జాతీయరహదారి మీదను నెలకొనియున్న అనకాపల్లి, బెల్లపు వర్తకమునకు దేశమున పేరెన్నికగన్న పట్టణము. దీని పురపాలనము 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసినది. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఇది తన పేరనే ఏర్పడిన జిల్లాకు ముఖ్యపట్టణమైనది. మహానగరపు అంచున నుండుట వలన నగరసౌకర్యములును, చెఱకుతోటల నడుమ నుండుట వలన పల్లెటూరి నిర్మాణరీతియు ఇచట కలిసియుండును. పెంకుటిల్లు, దాని ప్రక్కన డాబా, ఆ డాబాపై అద్దె వాటా, వెనుక వీధిలో క్రొత్త అపార్టుమెంటు: ఈ నాలుగింటిలో తీగలు వేసిన పద్ధతి నాలుగు విధములుగ నుండును.

దేశమున కేబుల్ ప్రసారముల విజృంభణము 1991 నాటి గల్ఫ్ యుద్ధ దృశ్యములతో ఆరంభమైనది. అదే సంవత్సరమున స్టార్ ప్రసారములు, 1992లో జీ ప్రసారములు, 1995లో తెలుగున జెమిని, ఈటీవీ ప్రసారములు వచ్చిన తరువాత తెలుగు పట్టణములలో కేబుల్ కనెక్షను లేని వీధి కనబడుట అరుదయ్యెను. మేడపై పెద్ద డిష్‌లు, వాటి క్రింద కంట్రోల్ రూము, అచటినుండి డాబా మీదుగా డాబాకు, స్తంభము మీదుగా స్తంభమునకు వ్రేలాడు నల్లని తీగ, నడుమ నడుమ సంకేతమును పెంచు ఆంప్లిఫయరు పెట్టెలు: ఈ నిర్మాణమును నిలిపినవారు పెద్ద సంస్థలు కారు, ఆయా వీధుల యువకులే. వారు కష్టపడి అల్లిన జాలము మీదనే తరువాతి కాలపు ప్రతి మార్పును ఆధారపడవలసి వచ్చినది కనుక, ఈ చరిత్రలో ఆ స్థానిక ఆపరేటరులకు తగిన స్థానము నీయకుండుట న్యాయము కాదు.

ఆ జాలమునకు గల లోపములును స్పష్టమైనవి. ఆంప్లిఫయరుకు విద్యుత్తు కావలెను. ఒక వీధిలో కరెంటు పోయిన, దాని తరువాతి వీధిలో కరెంటున్నను బొమ్మ పోయెడిది. తీగ లోహమయము కనుక పిడుగుపాటు ప్రభావము దాని వెంట టెలివిజన్ దాక వచ్చెడిది; ఉఱుము వినబడినంతనే గృహిణులు కేబులు పిన్ను పీకివేయుట ఆ దినములలో ప్రతి యింటను అలవాటైన జాగ్రత్త. సముద్రమునకు చేరువైన ఈ ప్రాంతపు తేమగాలికి అతుకులు త్రుప్పుపట్టి బొమ్మపై చుక్కలు పడుచుండెడివి. 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణము వద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుపాను స్తంభములను కూల్చివేసినపుడు, వాటిని ఆశ్రయించియున్న కేబులు తీగలును నేలగూలెను.

చట్టపరముగా చూచిన, కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టము 1995లో వచ్చినది. 2011 నాటి సవరణము ప్రసారములన్నియు అంకీయ రూపమునకు మారవలెనని శాసించెను. విశాఖపట్టణము రెండవ దశలో, అనగా 2013 మార్చి 31 గడువు గల నగరములలో చేరినది. చివరి దశ 2017 మార్చి 31తో ముగిసినది. ఈ మార్పు మన విషయమునకు మిక్కిలి ముఖ్యము. పూర్వము ఎనిమిది మెగాహెర్ట్జుల తరంగ విస్తారమున ఒక్క ఛానలు మాత్రమే పట్టెడిది; అంకీయ పద్ధతిలో అదే విస్తారము సెకనుకు సుమారు 38 మెగాబిట్ల సమాచారమును మోయగలిగి, పది పండ్రెండు సాధారణ ఛానళ్లకు చోటిచ్చుచున్నది. బొమ్మ ఒకసారి అంకెల వరుసగా మారిన పిమ్మట, ఆ అంకెలు కోయాక్సియల్ తీగలోనే పోవలెనన్న నియమము ప్రకృతిలో ఎచ్చటను లేదు.

తీగల స్వభావము

నడుమ ఒక రాగి కడ్డీ, దానిచుట్టు బంధక పదార్థము, ఆపైన లోహపు వల గల కోయాక్సియల్ తీగకు 1880లో ఇంగ్లండులో ఆలివర్ హెవిసైడ్ పేటెంటు పొందెను. రెండు తీగలను ఒకదానితో నొకటి మెలివేసి పరస్పర బాధను తగ్గించు పద్ధతికి మఱుసటి సంవత్సరమే అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేటెంటు పొందెను. నేడు ఇండ్లలో లాన్ వైరని పిలువబడునది ఈ రెండవ జాతికి చెందినది. అందు నాలుగు మెలికల జతలు, అనగా ఎనిమిది తీగలు, నారింజ, ఆకుపచ్చ, నీలి, గోధుమ వర్ణములలో నుండును.

చరిత్రలో గమనింపదగిన సంగతి యొకటి యున్నది. 1973లో అమెరికాలోని జెరాక్స్ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ మున్నగువారు రూపొందించిన ఈథర్‌నెట్ మొదట నడచినది కోయాక్సియల్ తీగ మీదనే. పదునేడు సంవత్సరముల తరువాత, 1990లో, అది టెలిఫోను జాతి మెలికల తీగకు మారుటకు ప్రమాణము వెలువడినది. కార్యాలయములలో చవుకగా దొరకు తీగ, సులభముగా బిగింపదగిన కొన, ఒకచోట లోపము వచ్చినను మిగిలిన భాగమునకు బాధ కలుగని నక్షత్రాకార నిర్మాణము: ఈ మూడును ఆ మార్పునకు హేతువులు. టెలివిజన్ నేడు ఇంటిలోపల అదే దారి పట్టినది, అవే హేతువుల వలన.

కోయాక్సియల్ తీగయొక్క లాక్షణిక నిరోధము 75 ఓములు. లాన్ తీగది 100 ఓములు. మొదటిది అసమతౌల్యము గలది, అనగా దాని బయటి వల భూమిస్థాయిలో నుండి లోపలి కడ్డీ ఒక్కటియే సంకేతమును మోయును. రెండవది సమతౌల్యము గలది, జతలోని రెండు తీగలును సమానముగ, వ్యతిరేకదిశలలో సంకేతమును మోయును. 100 మెగాహెర్ట్జుల వద్ద నూఱు మీటరుల దూరమునకు ఆర్‌జి-6 కోయాక్సియల్ తీగలో ఆఱేడు డెసిబెళ్ల క్షీణత కలుగగా, కేట్ 5ఇ తరగతి లాన్ తీగలో ఇరువదిరెండు డెసిబెళ్ల వఱకు కలుగును. కేబుల్ ప్రసారములు 47 మొదలు 862 మెగాహెర్ట్జుల వఱకు వ్యాపించియుండగా, కేట్ 5ఇ తీగకు నిర్ణయించిన ప్రమాణము 100 మెగాహెర్ట్జులతో ఆగిపోవుచున్నది. మొదటి మార్గమునకు గల కష్టములన్నియు ఈ కొలది సంఖ్యలలోనే యిమిడియున్నవి.

తరంగరూపముననే పంపు మార్గము

రెండు తీగలను ఊరక అతికిన పని జరుగదు. 75 ఓముల దారినుండి 100 ఓముల దారికి పోవు తరంగమున వోల్టేజిలో ఏడవ వంతు వెనుకకు ప్రతిఫలించును. శక్తి లెక్కన ఆ నష్టము నూటికి రెండు పాళ్లే యైనను, ఆ ప్రతిఫలము పూర్వపు అనలాగు బొమ్మలో ప్రక్కన నీడగా కనబడెడిది. అంతకన్న పెద్ద చిక్కు, సమతౌల్యము తప్పిన మెలికల జత పొడవునను ఏరియలు వలె ప్రవర్తించుట: 88 నుండి 108 మెగాహెర్ట్జుల నడుమనున్న ఎఫ్.ఎం. రేడియో ప్రసారములను తనలోనికి లాగుకొనుటయు, తనలోని టెలివిజన్ సంకేతమును ఇరుగుపొరుగు రేడియోలకు వెదజల్లుటయు రెండును జరుగును. ఈ దోషములను వారించుటకు తీగకు రెండు కొనలందును బేలన్ అను చిన్న పరివర్తకమును అమర్చుదురు. అది నిరోధమును సరిచేయుటయే గాక, అసమతౌల్య సంకేతమును సమతౌల్యముగ మార్చి, రెండవ కొనయందు తిరిగి యథాస్థితికి తెచ్చును.

సెకనుకు 100 మెగాబిట్ల వేగము గల ఈథర్‌నెట్ నాలుగు జతలలో రెండింటినే, సాధారణముగ నారింజ, ఆకుపచ్చ జతలనే, వాడుకొనును. మిగిలిన నీలి, గోధుమ జతలు ఖాళీగా నుండును గదా, వాటిలో ఒకదాని వెంట టెలివిజనును పంపరాదా యను ఆలోచన ఐరోపాలోని గృహజాల నిర్మాతలకు కలిగినది. 2004లో వెలువడిన అంతర్జాతీయ గృహతీగల ప్రమాణము టెలివిజన్ ప్రసారమునకు మెలికల తీగను కూడ అంగీకరించి, దానికై వేయి మెగాహెర్ట్జుల వఱకు పనిచేయు, జత జతకు రేకు చుట్టిన ఉత్తమశ్రేణి తీగను కోరినది. అట్టి తీగ మన పట్టణములలోని ఇండ్లలో వాడుకలో లేదు. ఉన్న కేట్ 5ఇ తీగతోనే యత్నించిన, ఇరువది మీటరుల దూరమున దిగువ ఛానళ్లు నాలుగైదు డెసిబెళ్ల క్షీణతతో బయటపడును. ఎగువ ఛానళ్లు మాత్రము దానికి పలు రెట్లు క్షీణించి, సెట్‌టాప్ బాక్సు వాటిని గుర్తింపలేక పోవును. కొన్ని ఛానళ్లు చక్కగ వచ్చుచు కొన్ని అసలే రాకపోవుట ఈ పద్ధతియొక్క విశిష్ట లక్షణము; అంకీయ సంకేతమున నడిమి స్థితి లేదు కనుక బొమ్మ మసకబారదు, ముక్కలై నిలిచిపోవును.

ఈ మార్గమునకు నిజమైన ఎదురుదెబ్బ గిగాబిట్ ఈథర్‌నెట్ వలన తగిలినది. 1999 నాటి ఆ ప్రమాణము నాలుగు జతలను ఏకకాలమున వాడుకొనును. ఖాళీ జతయన్న మాటయే లేకపోయెను. ఇంటిలో ఒక్క తీగయే యున్నపుడు, దానిలో టెలివిజనుకు సగమిచ్చి ఇంటర్నెట్టు వేగమును పదవ వంతునకు తగ్గించుకొనుట కన్న, టెలివిజనునే ఇంటర్నెట్టు సమాచారముగ మార్చుట మేలని నిశ్చయించిన నిర్మాతల నిర్ణయము సర్వవిధముల సమంజసము.

ప్యాకెట్లుగా పంపు మార్గము

ఈ పద్ధతిలో బొమ్మయు ధ్వనియు సంకుచితములై, 188 బైటుల పొట్లముల వరుసగా ఏర్పడును. అట్టి ఏడు పొట్లములు, అనగా 1316 బైటులు, ఒక ఈథర్‌నెట్ ప్యాకెట్టులో సుఖముగ ఇముడును. సాధారణ ఛానలుకు సెకనుకు రెండు నుండి నాలుగు మెగాబిట్లు, హెచ్.డి. ఛానలుకు ఎనిమిది వఱకు అవసరమగును. 100 మెగాబిట్ల తీగ ఈ లెక్కన పది హెచ్.డి. ఛానళ్లను మోయగలదు, ఒక యింటిలో ఏకకాలమున చూచు ఛానళ్లు మూడు నాలుగింటికి మించవు. ఇచట దూరమును బట్టి ఎగువ ఛానలు, దిగువ ఛానలు అను భేదము లేదు. నూఱు మీటరుల లోపున తీగ సరిగానున్న ప్రతి ఛానలును ఒకే తీరున వచ్చును.

పాత కేబులులో ఛానళ్లన్నియు ఎల్లవేళల ఇంటివఱకు వచ్చియుండును. కోరినదానిని పెట్టె ఎన్నుకొనును. ప్యాకెట్ల పద్ధతిలో కోరిన ఛానలు మాత్రమే ఇంటికి వచ్చును. ప్రేక్షకుడు రిమోటు నొక్కినపుడు పెట్టె ఆ ఛానలు బృందములో చేరుదునని విన్నపము పంపును, మఱియొక ఛానలుకు మారినపుడు విడిచిపోవుదునని తెలుపును. ఒకే ఛానలును నూఱు ఇండ్లవారు కోరినను, మూలస్థానము నుండి ఒక్క ప్రతియే బయలుదేరి, దారులు చీలినచోట మాత్రమే రెండగును. చెఱకుతోటలో నీరుకట్టు రైతు ఏ బోదెకు తడి కావలెనో దానికే గండి తెఱచి, తడిసిన బోదెను వెంటనే మూయుట వంటిదే ఈ ఏర్పాటు. మల్టీకాస్ట్ అను ఈ విధానమునకు మూలమైన నియమావళి 1989లో స్టీవ్ డీరింగ్ రచించిన పత్రముతో స్థిరపడి, 1997లోను 2002లోను సంస్కరింపబడినది.

ఇంటిలోపలి చిక్కు ఇచటనే ఆరంభమగును. పెద్ద జాలములలోని స్విచ్‌లు ఈ విన్నపములను గమనించి, కోరిన రంధ్రమునకే ప్రవాహమును పంపును. కాని ఇంటిలో వాడు చవుక స్విచ్‌లలో పెక్కింటికి ఆ గమనించు శక్తి లేదు. హాలులోని టెలివిజనుకై వచ్చిన ఎనిమిది మెగాబిట్ల ప్రవాహమును అవి పడకగదిలోని కంప్యూటరుకు, వంటయింటి ప్రక్కనున్న వైఫై పెట్టెకు, మేడపై వాటాకు పోవు తీగకు కూడ ఒలకబోయును. తీగకు అది పెద్ద భారము కాదు. వైఫై పెట్టె మాత్రము అట్టి ఉమ్మడి ప్రవాహమును తన అత్యల్ప వేగముతో పంపుట ఆచారము కనుక, గాలిలోని అవకాశమంతయు దానికే వ్యయమై, ఇంటిలోని ఫోనులన్నియు ఒక్కసారిగ మందగించును. టెలివిజను పెట్టినపుడెల్ల నెట్టు ఆగిపోవుచున్నదను ఫిర్యాదునకు మూలము ఇట్టిదై యుండవచ్చును. అట్టిచోట కంపెనీ నుండి వచ్చు వేగమును ఎంత పెంచినను ప్రయోజనముండదు. ఉమ్మడి విన్నపములను గమనింపగల స్విచ్‌ను వాడుటయో, టెలివిజను పెట్టెను ఇంటర్నెట్టు వచ్చు ప్రధాన పెట్టెకు సూటిగ వేఱొక తీగతో కలుపుటయో దానికి పరిష్కారము.

ఫైబర్‌నెట్ పథకము

2015లో స్థాపింపబడిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ టెలివిజను, ఇంటర్నెట్టు, టెలిఫోను మూడింటిని ఒకే గాజునార (ఫైబరు) వెంట ఇంటింటికి అందించు సంకల్పముతో వెలసినది. భూమి త్రవ్వి కాలువలు తీయుటకు బదులు, విద్యుత్పంపిణీ సంస్థల స్తంభముల మీదుగా ఫైబరును వ్రేలాడదీయుట ఈ పథకమునకు ప్రాణము. విద్యుత్ ఉపకేంద్రములే ఫైబరు జాలమునకును కూడళ్లుగా నియమింపబడినవి. ప్రధాన నిర్వహణ కేంద్రము విశాఖపట్టణమున వెలసినది. మొదటి దశలో ఇరువది వేల కిలోమీటరులకు పైగా ఫైబరు ఈ రీతిగ వేయబడినది. భూగర్భమార్గమునకు వేల కోట్లు కావలసియుండగా, ఇది కొలది వందల కోట్లతో పూర్తియగుట పథకకర్తల ముందుచూపునకు నిదర్శనము. స్తంభములు కూలిన తీగయు కూలునన్నది హుద్‌హుద్ నేర్పిన పాఠమే. ఆ ప్రమాదమును ఎఱిగియే, వ్యయమును వేగమును చూచి ఈ మార్గమును ఎన్నుకొనిరని గ్రహింపవలెను.

ఈ ఫైబరులో లోహము లేశమైనను ఉండదు. తన బరువును తానే మోసికొను, విద్యుద్వాహకము కాని నిర్మాణము గలది. కావుననే హెచ్చు వోల్టేజి తీగల చెంత నిర్భయముగ వ్రేలాడగలుగుచున్నది, పిడుగు దాని వెంట ఇంటిలోనికి రాజాలదు. వీధిలో ఆంప్లిఫయరు లేదు. కాంతిని ముప్పదిరెండుగనో అఱువదినాలుగుగనో చీల్చు గాజు స్ప్లిటరుకు విద్యుత్తు అక్కఱలేదు. వెనుకటి వీధి కరెంటుతో మన యింటి బొమ్మకు గల సంబంధము ఇట్లు తెగిపోయినది. జిపాన్ అను ఈ పద్ధతిలో ఇంటివైపునకు 1490 నానోమీటరుల కాంతిపై సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు, ఇంటినుండి 1310 నానోమీటరుల కాంతిపై సుమారు 1.25 గిగాబిట్లు ప్రయాణించును. దూరపరిమితి సాధారణముగ ఇరువది కిలోమీటరులు. 1550 నానోమీటరుల వద్ద పాతరీతి కేబుల్ తరంగములనే కాంతిగ మార్చి అదే ఫైబరుపై పంపు సౌకర్యమును ఉన్నది. కొందఱు ఆపరేటరులు ఆ మార్గమునే అనుసరించి, ఇంటిలోని పాత కోయాక్సియల్ తీగను యథాతథముగ వాడుకొందురు. ఫైబర్‌నెట్ మాత్రము టెలివిజనును ప్యాకెట్లుగ పంపు మార్గమును చేపట్టినది.

2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామము ఈ సౌకర్యమును పొందిన ఆదర్శగ్రామముగ ప్రకటింపబడినది. 2017 డిసెంబరు 27వ తేదీన వెలగపూడి సచివాలయమున రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ పథకమును జాతికి అంకితము చేసెను. నెలకు 149 రూపాయలకే మూడు సేవలు లభించుననుట నాడు విశేషముగ చెప్పుకొనబడినది. ఇంటింటికి తీగ లాగు పని స్థానిక కేబుల్ ఆపరేటరులకే అప్పగింపబడుట ఈ పథకములోని మిక్కిలి వివేకవంతమైన అంశము: నిన్నటి వఱకు కోయాక్సియల్ తీగకు పిన్ను బిగించిన చేతులే నేడు వెండ్రుకకు సమానమైన గాజునారను కాంతి చెదరకుండ అతుకవలసి వచ్చినది, ఆ విద్యను వారు నేర్చిరి.

ఫైబరు ఇంటిలో ఒక పెట్టెతో ముగియును. అచటినుండి టెలివిజను ప్రక్కనుండు ఐ.పి.టి.వి. పెట్టెకు పోవునది సాధారణమైన లాన్ తీగ. రెండును ఒకే బల్లమీద నున్న చిక్కులేదు. ఫైబరు వీధిగదిలో ఆగి, టెలివిజను నడిమింటిలోను, రెండవది మేడ మీదను నున్నపుడే గృహజాలపు తీగలయొక్క గుణదోషములు బయటపడును.

ఇతర తీగలు

లాన్ తీగ లేని యింటిలో, ఉన్న కోయాక్సియల్ తీగనే ఇంటర్నెట్టు సమాచారమునకు వాడుకొనుట మొదట యోచింపదగినది. 2004లో ఏర్పడిన మోకా కూటమి రూపొందించిన పద్ధతి కేబుల్ ప్రసారములకు పైనున్న తరంగ విస్తారమును వాడి, ఆ తీగలోనే గిగాబిట్టును మించిన వేగములను సాధించినది. నడుమనున్న పాత స్ప్లిటరులు ఆ హెచ్చు తరంగములను అడ్డగింపకుండ చూచుకొనవలెను.

టెలిఫోను తీగలపై గృహజాలమును నడపు యత్నము అమెరికాలో 1998 నుండి జరిగినది. మన యిండ్లలో గదిగదికి టెలిఫోను తీగ వేయు ఆచారము లేనందున ఇచట దానికి ప్రసక్తి లేదు. విద్యుత్తీగల వెంట సమాచారమును పంపు పద్ధతికి 2001లో మొదటి ప్రమాణము వచ్చినది. ప్రతి గదిలోను ప్లగ్గు ఉండుట దాని ఆకర్షణ. అయితే రెండు ప్లగ్గులు రెండు ఫేజులకు చెందియున్న సంకేతము చేరుట కష్టము. ఇన్వర్టరు, ఫాన్ రెగ్యులేటరు, చవుక ఛార్జరులు పుట్టించు రొద దానికి శత్రువు. స్పైక్ బస్టరు దానిని మ్రింగివేయును. పెక్కు యిండ్ల ఇన్వర్టరున్న మన పట్టణములలో దీనిని నమ్ముకొనుట క్షేమకరము కాదు. వైఫై ఒక ఫోనుకు చాలును. తొమ్మిదంగుళముల యిటుకగోడలు, కాంక్రీటు స్లాబులు దాటి మేడపైనున్న టెలివిజనుకు ఎడతెగని ప్రవాహము నందించుట దానికి భారము.

ఇంటిలో తీగ వేయుట

అంగడిలో లాన్ వైరు పేర రెండు జాతులు దొరకును: ఆసాంతము రాగితో చేసినది, అల్యూమినియము తీగకు రాగిపూత పూసినది. కొన ఛేదించి చూచిన రెండవదానిలోపల తెల్లని వన్నె కనబడును. అల్యూమినియమునకు విద్యున్నిరోధము రాగికన్న ఒకటిన్నర రెట్లకు పైబడినది. వంగినచోట త్వరగ విఱుగును. తేమగాలికి కొనయందు ఆక్సైడు పట్టును. తీరప్రాంతమున అట్టి తీగను గోడలోపల పాతుట డబ్బును పాతిపెట్టుటయే.

తీగ కొనను బిగించునపుడు మెలికలను అర అంగుళమునకు మించి విప్పరాదు. మెలికయే రొదనుండి రక్షణము. రెండు కొనలయందును వర్ణక్రమము ఒకటిగ నుండవలెను. నాలుగు తీగలకే పిన్ను బిగించి తక్కినవి కత్తిరించిన పని తాత్కాలికముగ నడచినను, గిగాబిట్ పెట్టె వచ్చిననాడు వేగము 100 మెగాబిట్లకే పరిమితమై, కారణము తోచక ఇంటివారు పెట్టెను నిందింతురు. విద్యుత్తీగ పోవు గొట్టములోనే లాన్ తీగను దూర్చుట మేస్త్రీలకు సులభమైనను, ప్రాణాపాయమునకును రొదకును కారణమగును. వేఱు గొట్టము, కనీసము ఎనిమిది అంగుళముల ఎడము మేలు.

రెండవ టెలివిజనుకు రెండవ పెట్టె తప్పదు. కేబుల్ పక్షమున నెట్‌వర్క్ రుసుము విషయమై టెలికాం నియంత్రణ సంస్థ 2020 జనవరిలో చేసిన సవరణము, ఒకే యింటిలోని రెండవ, ఆపై టెలివిజనులకు మొదటిదాని రుసుములో నూటికి నలువది పాళ్లకు మించి వసూలుచేయరాదని నాడు విధించియుండెను. ఒకే కనెక్షనునుండి స్ప్లిటరు పెట్టి మేడపై వాటాకు బొమ్మ నిచ్చుట పాత కేబులు దినములలో సామాన్యము. ప్యాకెట్ల పద్ధతిలో ప్రతి పెట్టెకును సంఖ్యయు తాళపు చెవియు వేఱుగ నుండుటచే అది సాగదు. అద్దె వాటాకు గొట్టమును విడిగ వేసి, మెట్లక్రింద ఫైబరు పెట్టె యుంచు చోటినుండి ప్రతి గదికి ఒక లాన్ తీగయు, తీగ లేని చోట లాగుటకు ఒక నైలాన్ త్రాడును గొట్టములో విడుచుట, స్లాబు పోయుటకు ముందు జరుగవలసిన పని. అప్పటికి ఇంటివారి ఆలోచన విద్యుద్దీపముల మీదనే యుండును కనుక, ఈ ప్రస్తావన చేయవలసినవారు ఎలక్ట్రీషియనులే.